పండగ మరునాడు ఎవరిది?

డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో మొదలయ్యే టెస్టు మ్యాచ్‌ని బాక్సింగ్ డే టెస్టు అంటారు. మా మామయ్యగారు ఇన్నేళ్లుగా క్రికెట్ చూస్తున్నా, ఆ పేరులో ముష్టియుద్ధం సంగతి ఏదో ఉందనే నమ్మకంతో ఉండేవారు. 2024లో అదే మ్యాచ్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టి, వాళ్ల నాన్నగారు గ్యాలరీలో కన్నీళ్లు పెట్టుకుంటుంటే మా ఇంటిల్లిపాదీ టీవీ ముందే ఉన్నాం. ఆ సాయంత్రమే టొరంటో నుంచి మా ఆడపడుచు కూతురు ఫోన్ చేసింది. "అత్తా, బాక్సింగ్ డే సేల్‌లో మిక్సీ సగం ధరకే వచ్చింది" అంది. ఒకే పేరు ఒకచోట ఆటకీ, ఇంకోచోట మిక్సీకీ ఎలా అతుక్కుంది? డిగ్రీలో తెలుగు చదివిన దాన్ని కాబట్టి మాట పుట్టుక తెలిసేదాకా నాకు తోచదు. వెతుక్కుంటూ పోతే అసలు సంగతి ఆటలోనూ లేదు, మిక్సీలోనూ లేదు. పనివాళ్ల మట్టిముంతలో ఉంది.

బాక్స్ అంటే డబ్బాయే. పదిహేడో శతాబ్దం ఇంగ్లండులో దుకాణాల్లో పని నేర్చుకునే కుర్రాళ్లు మట్టితో చేసిన డబ్బుల ముంత ఒకటి పెట్టుకునేవారు. పైన చిన్న చీలిక, అంతే. క్రిస్మస్ ముందు రోజుల్లో వచ్చే ఖాతాదార్లు అందులో తలా కాస్త వేసేవారు. పండగయ్యాక ముంత పగలగొట్టి పంచుకునేవారు. తెలంగాణలో దీన్నే గల్లగురిగి అంటారు. మా వీధిలో కుండలమ్మే ఆవిడ దగ్గర ఇప్పటికీ దొరుకుతుంది. మా అబ్బాయి చిన్నప్పుడు కొనిస్తే, నిండకముందే పగలగొడతానని రోజూ పేచీ పెట్టేవాడు. లండన్‌లో శామ్యూల్ పీప్స్ అనే ఉద్యోగి రోజూ డైరీ రాసేవాడు. 1663 డిసెంబరులో చెప్పుల దుకాణం బాకీ తీర్చి, అక్కడి కుర్రాళ్ల ముంతలో పండక్కి ఏదో కాస్త వేశానని అందులో రాసుకున్నాడు. అప్పటికే అది ఎంత మామూలో దీన్నిబట్టి తెలుస్తోంది.

మామూలు! ఇక్కడ కాసేపు ఆగాలి. ఈ మాట అరబ్బీ నుంచి మనకొచ్చింది. ఆచారంగా జరిగేది, వాడుకలో ఉన్నది అని అర్థం. దసరా మామూలు అంటే దసరాకు ఇవ్వడం ఆచారమైనది అన్నమాట. పూర్వం బడిపంతుళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని, రంగు కాగితాలు చుట్టిన విల్లంబులు చేత పట్టించి, పద్యాలు పాడిస్తూ ఇల్లిల్లూ తిరిగేవారు. పంతులుగారికి కానుక, పిల్లలకి పప్పు బెల్లాలు. ఏడాది పొడుగునా చదువు చెప్పిన మనిషికి ఊరు ఏడాదికోసారి లెక్క చూసుకునే పద్ధతి అది. చాకలి, మంగలి, తపాలా బంట్రోతు, అందరికీ ఆ వారంలోనే. ఇంగ్లండులో క్రిస్మస్ బాక్స్ అన్నా ఇదే. ఇచ్చేవాడికి అది దయ, పుచ్చుకునేవాడికి హక్కు. ఇద్దరూ రెండు రకాలుగా అనుకుంటారు కాబట్టి గొడవలూ తప్పవు. 1710లో జొనాథన్ స్విఫ్ట్ లండన్ నుంచి రాసిన ఉత్తరాల్లో, ఈ క్రిస్మస్ ముంతలతో తన కొంప మునిగేలా ఉందనీ, కాఫీ హోటలు కుర్రాళ్లు రేటు పెంచేశారనీ వాపోయాడు. గలివర్ కథ రాసినంత పెద్దమనిషికే ఆ బాధ ఉంటే, దసరా వారంలో కాలింగ్ బెల్ మోగినప్పుడల్లా మనం చిల్లర వెతుక్కోవడంలో వింతేముంది? ఆ తర్వాతెప్పుడో మన భాషలో మామూలు అంటే లంచమనే అర్థం కూడా వచ్చి, పాపం ఆ మంచి మాటకి మచ్చ పడింది.

ఇంతకీ 26నే ఎందుకు? 25న దొరగారింట్లో విందు. వంటమనిషి, పాలేరు, బండివాడు ఆ రోజు ఊపిరి సలపకుండా పనిచేయాలి. వాళ్ల పండగ మరునాడు. మిగిలిన పిండివంట, పాతబట్ట, నాలుగు నాణేలు కలిపి ఒక పెట్టెలో పెట్టి ఇళ్లకి పంపేవారని చెప్పుకుంటారు. ఇదంతా తీయగానే వినిపిస్తుంది గానీ, అందరికీ ఆ భాగ్యం ఉండేది కాదు. చార్లెస్ డికెన్స్ 1843లో రాసిన క్రిస్మస్ కెరోల్ కథ మనలో చాలామంది పిల్లల ఇంగ్లీషు పాఠంలో చదివే ఉంటారు. అందులో పిసినారి స్క్రూజ్ తన గుమాస్తాకి క్రిస్మస్ రోజు సెలవివ్వడానికే గింజుకుంటాడు. మరునాడు ఇంకా తొందరగా రమ్మంటాడు. ఆ గుమాస్తా 26న పద్దెనిమిదిన్నర నిమిషాలు ఆలస్యంగా వచ్చాడని కథలో లెక్క కట్టి మరీ చెబుతాడు డికెన్స్. అంటే ఆఫీసు గుమాస్తాకి అప్పటికి 26 మామూలు పనిదినమే. 1871లో జాన్ లబ్బాక్ అనే ఆయన బ్యాంకు సెలవుల చట్టం తెచ్చాక గానీ ఇంగ్లండులో ఆ రోజు చట్టప్రకారం సెలవు కాలేదు. ఈ లబ్బాక్ బ్యాంకరు, పార్లమెంటు సభ్యుడు, ఆపైన చీమలూ తేనెటీగల మీద పుస్తకం రాసిన మనిషి. చీమలు పనిచేసే తీరు అంత శ్రద్ధగా చూసినవాడికే మనుషులకి సెలవు కావాలని తట్టిందంటే నాకు భలే ముచ్చటేసింది.

మనకి ఇదంతా కొత్తేమీ కాదు. మన కనుమ ఇదే కదా! సంక్రాంతి మనుషులది, కనుమ పశువులది. ఏడాదంతా కాడి మోసిన ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో గంటలు కట్టి, ఆ రోజు పనిలోకి దించరు. పాలేళ్లకి ధాన్యం, బట్టలు, భోజనం. కనుమ నాడు మినుము తినాలంటారు కాబట్టి గారెలు. కనుమ నాడు ప్రయాణం వద్దనే మాట కూడా బహుశా బండెద్దులకి విశ్రాంతి కోసమే పుట్టి ఉంటుందని నా ఊహ. కదలడానికి బండే లేకపోతే ఇంక ప్రయాణమెక్కడిది?

అయితే నన్ను ఎక్కువ కదిలించింది ఆ రోజుకున్న పాత పేరు. చర్చి లెక్క ప్రకారం డిసెంబరు 26 సెయింట్ స్టీఫెన్ దినం. ఐర్లండులో ఇప్పటికీ ఆ పేరే వాడతారు. తెలుగు బైబిల్లో ఆయన స్తెఫను. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో కథ ఉంది. యెరూషలేములో తొలి విశ్వాసులు అందరూ కలిసి బతికేవాళ్లు. రోజూ జరిగే పంపిణీలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లని పట్టించుకోవడం లేదని సణుగుడు మొదలైంది. పెద్దలు ఆలోచించి, ఈ పని సరిగ్గా చూసుకోవడానికి ఏడుగుర్ని ఎంచారు. ఆ ఏడుగురిలో మొదటివాడు స్తెఫను. తర్వాత ఆయన్ని రాళ్లతో కొట్టి చంపారు. క్రైస్తవుల్లో తొలి అమరుడు ఆయనే. కానీ ఆయన పేరు మొదట వినిపించింది మాత్రం వడ్డన దగ్గర. విస్తరిలో ఎవరికి తక్కువ పడుతోందని అడిగింది దిక్కులేని ఆడవాళ్లు, విన్నది ఈయన. ఆ కథ చదువుతుంటే మన పాత ఇళ్లలో వంటింటి మూల కూర్చుని అందరి తర్వాత తినే మేనత్తలు, పెద్దమ్మలు గుర్తొచ్చారు నాకు. పండగ రోజున వాళ్ల విస్తట్లోకి పూర్ణాలు చేరేసరికి గిన్నె అడుగంటేది.

ఇక మన సంగతి. క్రిస్మస్ సందడి మా ఏఎస్ రావు నగర్ వైపు సికింద్రాబాదు మీదుగానే వచ్చింది. 1798లో నిజాముకీ ఈస్టిండియా కంపెనీకీ సైన్య సహకార ఒప్పందం కుదిరాక, హుస్సేన్‌సాగర్ ఉత్తరాన కంపెనీ పటాలం దిగింది. 1806లో సికందర్ జా పేరు మీద ఆ చోటు సికింద్రాబాదయింది. 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి ఇంకా ఉంది. పటాలంతో పాటు కేకులూ, కెరోల్సూ, బట్లర్లూ, ఆయాలూ వచ్చారు. విచిత్రమేమిటంటే సముద్రం దాటేసరికి ఆ పెట్టె దిశ మారిపోయింది. ఇంగ్లండులో యజమాని పనివాడికి ఇచ్చేది, హిందుస్థానంలో కింది ఉద్యోగులూ కాంట్రాక్టర్లూ దొరగారికి పళ్లు, పూలు, మిఠాయిలు తట్టల్లో పెట్టి పట్టుకెళ్లేది అయింది. దాన్ని డాలీ అనేవారు. పైనుంచి కిందికి రావాల్సింది కింద నుంచి పైకి పోయింది. పాలించేవాడికీ పాలితుడికీ మధ్య పండగ కూడా అలాగే ఉంటుంది కాబోలు.

అలా కానిది ఒకటి చెప్పాలి, మెదక్ చర్చి. రెవరెండ్ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో మొదలుపెడితే 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. కరువులో అలమటించే చుట్టుపక్కల పల్లెల జనానికి పనీ, కూడూ దొరకాలని కట్టించిన గుడి అది. రాళ్లెత్తిన కూలీలలో ఆడవాళ్లెందరుంటారో ఊహించుకోండి. మేం ఒకసారి క్రిస్మస్ సెలవుల్లో వెళ్లాం. బయట పెద్ద జాతరే. గాజులు, బొమ్మలు, మరమరాలు, చెరుకురసం. హిందువులు, ముస్లింలు, అందరూ వస్తారు. దూరం నుంచి వచ్చిన కుటుంబాలు చెట్ల కింద పొయ్యి రాజేసుకుని వండుకుంటున్నాయి. నాకు లోపలి రంగుటద్దాల కిటికీల కన్నా ఆ పొయ్యిలే ఎక్కువ గుర్తున్నాయి.

తెలంగాణ ప్రభుత్వపు సెలవుల జాబితా ఎప్పుడైనా తీరిగ్గా చూడండి. డిసెంబరు 25 కింద, క్రిస్మస్ మరుసటి రోజు అని 26కి కూడా సాధారణ సెలవు ఉంటుంది. రంజాన్ మరునాడూ అంతే. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం అది ఐచ్ఛిక సెలవే. మా ఇంట్లో పనిచేసే ఆవిడ క్రైస్తవురాలు. 25న చర్చి, బంధువుల భోజనాలు. 26న తల్లిగారింటికి వెళ్తానని మొదటి ఏడాది అడిగినప్పుడు మా అత్తయ్యగారు, "పండగ అయిపోయాక మళ్లీ సెలవేమిటి?" అన్నారు. నేను సెలవుల జాబితా చూపించాను. "అది ఆఫీసులకి కదమ్మా" అన్నారు ఆవిడ. ఆ ఒక్క మాటలో మొత్తం చరిత్ర ఉంది. స్క్రూజ్ కూడా అదే అన్నాడు, కాస్త కటువుగా. ఇప్పుడు 26 ఆవిడకి సెలవు, జీతం కోత లేదు, పైన ఒక డబ్బా. డబ్బాలో మిగిలినవి పెట్టకూడదని నా పట్టుదల. విడిగా చేసిందే పెడతాను. ఆ రోజు గిన్నెలు ఎవరు తోముతారని అడుగుతారు కదూ? మా ఇంట్లో ముగ్గురు మగవాళ్లున్నారు, వంతులు వేశాం. అత్తయ్యగారు చెయ్యి చూపించి మరీ చెబుతారు, ఎక్కడ జిడ్డు మిగిలిందో.

పండగ మరునాడు అంటే మన సికింద్రాబాదులో చెప్పుకోవాల్సింది రంగం. లష్కర్ బోనాలు ఆదివారం, రంగం సోమవారం. ఉజ్జయిని మహంకాళి గుడిలో ఒక స్త్రీ పచ్చికుండ మీద నిలబడి రాబోయే ఏడాది ఎలా ఉంటుందో చెబుతుంది. మంత్రులూ అధికారులూ చేతులు కట్టుకుని వింటారు. ఆ గుడి పెట్టిన సురిటి అప్పయ్య కూడా ఒక కూలివాడే, సైన్యంలో డోలీ మోసేవాడు. ఉజ్జయినిలో ఉండగా ఇక్కడ కలరా ప్రబలిందని విని మొక్కుకుని, 1815లో తిరిగొచ్చి అమ్మవారిని నిలిపాడని చెబుతారు. నిన్నంతా బోనం మోసిన ఆడవాళ్లలో ఒకరు ఇవాళ మాట్లాడితే ఊరు నోరు మూసుకుని వింటుంది. ఇంతకన్నా గొప్ప మరునాడు ఇంకే దేశంలో ఉందో నాకైతే కనిపించలేదు.

ఆ గుడి చుట్టూ ఉన్నదే జనరల్ బజారు, మన బేరాల పుట్టిల్లు. అక్కడికి రాకుండా ఈ కథ పూర్తి కాదు.

కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 26న అమ్మకాలు ఎందుకంటే లెక్క సులువే. చలికోట్లు, పండగ సరుకు మిగిలిపోతే మళ్లీ ఏడాది దాకా అరల్లో అద్దె తింటాయి. జనానికి సెలవు, చేతిలో పండక్కొచ్చిన డబ్బు. ఇంగ్లండులో పెద్ద దుకాణాలు క్రిస్మస్ రోజున తెరవకూడదని 2004లో చట్టమే చేశారు. దాంతో జనమంతా 26 మీద పడతారు. మనకి ఆ వరస ఆషాఢంలో ఉంది. పెళ్లిళ్లు ఉండవు, ముహూర్తాలు ఉండవు. కొత్తకోడలు పుట్టింట్లో. తొలకరి పడగానే రైతు డబ్బంతా విత్తనాలకీ ఎరువులకీ పోతుంది, పట్నంలో వాళ్లది స్కూలు ఫీజులకి. బట్టల కొట్టుకి బేరం ఉండదు. శ్రావణానికి కొత్త సరుకు దిగాలంటే పాతది కదలాలి. తమిళులు ఆడి తళ్లుబడి అనేది కూడా ఈ పద్ధతే. ఇప్పుడు ఈ రెండూ కాక డిసెంబరు చివర్లో సీజన్ ముగింపు సేల్ అంటూ మా ఈసీఐఎల్ చౌరస్తాలో కూడా బోర్డులు వేలాడుతున్నాయి. 26 సాయంత్రం వెళ్లి చూడండి. నిన్నటిదాకా గుమ్మాల్లో మెరిసిన కాగితం నక్షత్రాలు, ప్లమ్ కేకులు, ప్లాస్టిక్ చెట్లు అగ్గువకి ఇచ్చేస్తుంటారు. నక్షత్రం కొని దాచుకుంటే వచ్చే ఏడాదికి పనికొస్తుంది. కేకు మాత్రం తేదీ చూసి కొనండి. చీరల్లో ఒక జాగ్రత్త. సేల్ కోసమే తెప్పించిన సరుకు వేరే ఉంటుంది. జరీ తిరగేసి చూడండి, అంచు లాగి చూడండి. నెల ముందు ఇదే చీర ఏ ధరకి అమ్మారో గుర్తుంటే మరీ మంచిది.

బేరమాడటం తప్పని నేననను. కొసరు అడగటం మన జన్మహక్కు. కిలో వంకాయలు కొని కరివేపాకు కొసరు అడగని తెలుగింటి ఇల్లాలు ఉంటుందా? కానీ కొసరులో ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకుంటారు. సేల్‌లో మనం ధర చీటీనే చూస్తాం. మొన్న ఆషాఢంలో ఒక పెద్ద బట్టల దుకాణంలో చీరలు చూపించే అమ్మాయిని, ఇరవై ఏళ్లుంటాయి, "కూర్చోమ్మా, నిదానంగా చూపించు" అన్నాను. "కూర్చోకూడదు మేడం" అంది, కెమెరా వైపు చూస్తూ. కేరళలో ఇలాంటి అమ్మాయిల కోసమే పెద్ద పోరాటం జరిగింది. కోళికోడ్‌లో పి. విజి అనే ఆవిడ, కుట్టుపని చేసుకునే మనిషి, పెణ్‌కూట్టు అనే సంఘం పెట్టి, బట్టల కొట్లలో పనిచేసే ఆడవాళ్లకి కూర్చునే హక్కు, బాత్రూముకి వెళ్లే హక్కు కావాలని ఏళ్ల తరబడి అడిగింది. 2018లో కేరళ దుకాణాల చట్టాన్ని మార్చి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడూ చేసింది. కూర్చోవడానికి చట్టం కావాల్సి వచ్చిందంటే నిలబడి ఎంతకాలం గడిచిందో!

బ్రిటన్‌లోనూ ఇదే గోల. 26న పెద్ద దుకాణాలు మూసేయాలని, మాకూ పండగ ఉందని 2016లో లక్షకు పైగా సంతకాలు పోగయ్యాయి. పార్లమెంటులో చర్చించారు. ప్రభుత్వం కుదరదంది. పనివాళ్ల విశ్రాంతి కోసం పుట్టిన రోజు, ఏడాదిలో పనివాళ్లు ఎక్కువ అలిసిపోయే రోజుల్లో ఒకటయింది. కొన్ని దుకాణాలు మాత్రం తమంతట తామే ఆ రోజు మూసి సిబ్బందిని ఇళ్లకి పంపుతున్నాయట.

కొనుక్కునే సరదా తీరాలి, ఆ డబ్బు ఎవరికైనా పనికి రావాలి అంటే మనకి ఇంకో ఐదారు రోజులు ఆగితే చాలు. జనవరి 1న నాంపల్లిలో నుమాయిష్ మొదలవుతుంది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు, రాష్ట్ర ఆర్థిక పరిస్థితుల మీద సర్వే చేయడానికి డబ్బు కావాలని పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక చిన్న ప్రదర్శన పెట్టారు. 1946లో అది నాంపల్లి మైదానానికి మారింది. కశ్మీరు శాలువాలు, లక్నో చికన్ కుర్తాలు, ఖుర్జా పింగాణీ, మన పోచంపల్లి, గద్వాల. అక్కడ బేరం ఆడొచ్చు, అమ్మేవాడు మనతో పోట్లాడతాడు, చివరికి నవ్వుతాడు. వచ్చిన రాబడితో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతోంది. ఆ మైదానంలోనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వాటిలో ఒకటి. ఆ కాలేజీలో చదివిన అమ్మాయిలు మా కాలనీలోనే ముగ్గురున్నారు. ఈసారి వెళ్తే వారం మధ్యలో వెళ్లండి. ఆదివారం మిర్చిబజ్జీల దగ్గర కూడా నిలబడటానికి చోటుండదు.